రుమటాయిడ్ ఆర్థరైటిస్ మందులు రాసినట్టే వేసుకుంటున్నారా? లెక్క చూసుకుని సరిచేసుకోవడం ఎలా

"నొప్పులు తగ్గాయి, ఇక మాత్రలు ఆపేయొచ్చా?" "ఈ వారం మర్చిపోయాను, వచ్చే వారం రెండు డోసులు కలిపి వేసుకోనా?" "ఇన్నేళ్లు వాడితే లివర్ పాడవదా, మధ్యలో కాస్త గ్యాప్ ఇస్తే మంచిది కదా?" రుమటాయిడ్ ఆర్థరైటిస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేసే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ల నుంచి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలివి. విడివిడిగా జవాబు చెప్పుకుంటూ పోయే బదులు మొత్తం పని ఒకేచోట రాస్తున్నాను.

మందులు వదిలేసేది మీరొక్కరే కాదు. దీర్ఘకాలిక జబ్బుల మందులను సగటున సగం మందే సరిగ్గా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది, అదీ సంపన్న దేశాల్లో. రుమటాయిడ్ ఆర్థరైటిస్ విషయంలో జరిగిన అధ్యయనాల్లో ఈ అంకె 30 శాతం నుంచి 80 శాతం దాకా కనిపిస్తుంది. ఇంత తేడా ఎందుకంటే, ఎలా లెక్కపెట్టారన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. "సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగితే దాదాపు అందరూ అవుననే అంటారు. మాత్రలు లెక్కపెడితే వేరే సంగతి బయటపడుతుంది.

కాబట్టి ముందు లెక్క, తర్వాత కారణం, ఆ తర్వాతే పరిష్కారం. డోసు తప్పడం కన్నా, తప్పిన డోసును డాక్టర్ దగ్గర దాచడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుందని నా అభిప్రాయం. ఎందుకో 7వ మెట్టు దగ్గర చెబుతాను.

కావలసినవి

- చివరిసారి డాక్టర్ రాసిన మందుల చీటీ
- ఇంట్లో ఉన్న మందులన్నీ: సగం వాడిన స్ట్రిప్పులు, పాత సీసాలు, ఇంజెక్షన్ పెన్నులు, సొంతంగా కొనుక్కున్న నొప్పి మాత్రలు కూడా
- ఒక గోడ క్యాలెండర్, పెన్ను
- ఏడు రోజులకు ఏడు గదులున్న మందుల డబ్బా
- గత ఆరు నెలల రక్త పరీక్షల రిపోర్టులు
- తొందర లేని ఒక అరగంట

యాప్ కావాలా అంటే, ఉంటే మంచిదే. నేను మాత్రం గోడ క్యాలెండర్ వైపే మొగ్గుతాను. ఫోన్‌లో అలారం నొక్కేసి మర్చిపోవడం చాలా తేలిక. గోడ మీద ఖాళీగా మిగిలిన గడి ఇంట్లో అందరి కంటా పడుతుంది.

ఒక హెచ్చరిక. ఇది చదివి ఏ మందూ మీ అంతట మీరు మొదలుపెట్టకండి, ఆపకండి, డోసు మార్చకండి. ఇక్కడ ఉన్నది, ఇప్పటికే రాసిన మందును రాసినట్టు వాడే పద్ధతి మాత్రమే.

1. మందులన్నీ బల్ల మీద పరిచి మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప నొప్పి మాత్రలు. ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ లాంటివి. గంటల్లో హాయి ఇస్తాయి, జబ్బును మాత్రం ఆపవు.

రెండోది స్టెరాయిడ్. ఎక్కువగా ప్రెడ్నిసొలోన్. వేగంగా పనిచేస్తుంది.

మూడోది జబ్బును అదుపు చేసే మందులు. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, లెఫ్లునమైడ్; అడాలిముమాబ్, ఎటనెర్సెప్ట్ లాంటి బయోలాజిక్ (జీవకణాల్లో తయారుచేసే) ఇంజెక్షన్లు; టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ లాంటి కొత్త మాత్రలు. కీళ్లు అరిగి వంకర పోకుండా కాపాడేది ఈ కుప్పే. తమాషా ఏమిటంటే, ఎక్కువమంది వదిలేసేదీ దీన్నే. వేసుకున్న రోజు హాయిగా అనిపించదు, వేసుకోని రోజు నొప్పి పెరగదు. మెథోట్రెక్సేట్ ప్రభావం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు కూడా పట్టొచ్చు. ఆపినప్పుడూ అంతే, వెంటనే ఏమీ కాదు. "ఆపి రెండు వారాలైంది, బాగానే ఉన్నాను" అనే మాట అందుకే నమ్మదగింది కాదు.

ఇప్పుడు ఒక కాగితం మీద ప్రతి మందుకూ ఒక వరస రాయండి: మందు అసలు పేరు, ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములు, ఒకసారికి ఎన్ని, ఎప్పుడెప్పుడు, దేనికోసం. బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు రాయాలి. ఇలా రాస్తున్నప్పుడే చాలామందికి రెండు వేర్వేరు స్ట్రిప్పుల్లో ఒకే నొప్పి మందు ఉన్నట్టు తెలుస్తుంది. అలా కనిపిస్తే రెండూ కలిపి వేసుకోవద్దు. ఫార్మసిస్టును గానీ డాక్టర్‌ను గానీ అడిగి ఒకటి పక్కన పెట్టండి.

"దేనికోసం" అన్న గడి ఖాళీగా మిగిలితే, వచ్చేసారి డాక్టర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఎందుకు వాడుతున్నామో తెలియని మందును ఎవరూ ఏళ్ల తరబడి వాడరు.

2. గత నాలుగు వారాల లెక్క తీయండి

మూడో కుప్పలోని మందులకు మాత్రం లెక్క తీస్తే చాలు. మొదట్లో ఉన్న మాత్రల నుంచి ఇప్పుడు మిగిలినవి తీసేస్తే వాడినవి వస్తాయి. దాన్ని వాడాల్సిన సంఖ్యతో భాగించి 100తో గుణించండి.

ఉదాహరణకు, హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండు రాశారు. 28 రోజులకు 56 కావాలి. మొదట్లో 60 ఉన్నాయి, ఇప్పుడు 18 మిగిలాయి. అంటే వాడింది 42. యాభై ఆరులో నలభై రెండు, 75 శాతం.

పరిశోధనల్లో 80 శాతం దాటితే "సరిగ్గా వాడుతున్నారు" అని లెక్కేస్తుంటారు. అది లెక్క సౌకర్యం కోసం పెట్టుకున్న గీత. 79 అయితే కొంప మునిగినట్టూ కాదు, 81 అయితే గెలిచినట్టూ కాదు. మీకు కావలసింది ఈ నెల అంకె, వచ్చే నెల అంకె, రెండింటి మధ్య తేడా.

వారానికి ఒక్కసారే వేసుకునే మెథోట్రెక్సేట్‌కు శాతాలు పెట్టుకోవద్దు. నాలుగు వారాల్లో ఒక్కటి తప్పినా 75కు పడిపోతుంది. "నాలుగింటికి మూడు" అని రాసుకోండి.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాట్లు:

పాత స్టాకు కలిసిపోవడం. కొత్త సీసా తెరిచాక పాత దాంట్లో మిగిలిన మాత్రలు అందులో పోసేస్తే ఇక లెక్క అందదు. పైగా గడువు తేదీ కూడా పోతుంది.

డాక్టర్ అపాయింట్‌మెంట్ ముందు వారాన్నే లెక్కపెట్టడం. పరీక్షకు ముందు రాత్రి చదివినట్టు, అపాయింట్‌మెంట్ దగ్గరపడగానే అందరమూ క్రమశిక్షణ నేర్చుకుంటాం. అపాయింట్‌మెంట్లకు దూరంగా ఉన్న నాలుగు వారాలు తీసుకోండి.

లెక్క 100 దాటితే సంతోషించడం. రాసిన దానికన్నా ఎక్కువ వాడారని దానర్థం. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజు మోతాదు మామూలుగా శరీర బరువులో కిలోకు 5 మి.గ్రా. మించకుండా చూస్తారు, ఏళ్ల తరబడి మించితే కంటి రెటీనాకు ప్రమాదం. మెథోట్రెక్సేట్ రాసిన దానికన్నా ఎక్కువ పడిందని తేలితే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

3. తప్పిన ప్రతి డోసు పక్కన ఒక అక్షరం రాయండి: "మ" లేదా "మా"

"మ" అంటే మర్చిపోయాను. "మా" అంటే తెలిసే మానేశాను. రెండూ ఒకటే అనుకుని అందరికీ అలారం సలహా ఇస్తుంటారు. తెలిసి మానేసిన మనిషికి అలారం చికాకు తప్ప ఇంకేమీ కాదు. నిజాయితీగా రాసుకోండి, ఈ కాగితం మీకోసమే.

"మ"లు ఎక్కువుంటే 5వ మెట్టు మీకు సరిపోతుంది.

"మా"లు ఎక్కువుంటే పక్కన కారణం కూడా రాయండి. ఎక్కువగా కనిపించేవి ఇవి.

వికారం, నీరసం. మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు ఒళ్లు బరువుగా ఉండి పని చేయబుద్ధి కాదు. ప్రయాణమో పెళ్లో ఉంటే ఆ వారం మానేస్తారు. దీనికి దారులున్నాయి, 4వ మెట్టులో చూడండి.

బాగుంది కాబట్టి. నొప్పి తగ్గింది మందు పనిచేస్తున్నందువల్ల. జబ్బు పూర్తిగా అదుపులో ఉండి కనీసం ఆరు నెలలు గడిచాక, మందులు మెల్లగా తగ్గించే అవకాశం నిజంగానే ఉంది. కానీ అది డాక్టర్ చూస్తూ ఉండగా, ఒక్కో మందూ కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతి. ఒక్కసారిగా అన్నీ ఆపినవాళ్లలో జబ్బు మళ్లీ తిరగబెట్టడం మామూలే.

భయం. మందుతో వచ్చే కాగితంలో దుష్ప్రభావాల జాబితా చదివితే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. లివర్ గురించిన భయం అర్థం లేనిది కాదు. మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ రెండూ లివర్‌ను ఇబ్బంది పెట్టగలవు. రక్త పరీక్షలు చేయించేది అందుకే. మీ అంతట మీరు "గ్యాప్" ఇవ్వడం వల్ల లివర్ సంగతి ఏమీ తెలియదు, పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, డోసు కుదురుకున్నాక దాదాపు మూడు నెలలకోసారి, రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చేస్తారు. రిపోర్టు బాగుంటే భయానికి ఆధారం లేదు. బాగోలేకపోతే డాక్టరే డోసు తగ్గిస్తారు.

ఖర్చు. ఇది చెప్పడానికి సిగ్గుపడి రోజు విడిచి రోజు వేసుకుంటూ నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. డాక్టర్‌కు చెబితే అదే మందులో తక్కువ ఖరీదు బ్రాండో, బయోలాజిక్ అయితే బయోసిమిలరో (దాదాపు అలాగే పనిచేసే, తక్కువ ఖరీదు రూపం) రాయగలరు. చెప్పకపోతే రాయలేరు.

చేతులు సహకరించకపోవడం. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, ఈ జబ్బులో ఇది చాలా నిజమైన కారణం. పొద్దున్నే వేళ్లు బిగుసుకుని ఉంటాయి. అల్యూమినియం స్ట్రిప్పు వెనక బొటనవేలితో నొక్కితే మాత్ర రాదు, కణుపు మాత్రం జివ్వుమంటుంది. పిల్లలు తెరవకుండా నొక్కి తిప్పే మూత అయితే ఇక చెప్పనక్కర్లేదు. రెండుసార్లు ప్రయత్నించి "తర్వాత చూద్దాం" అని పక్కన పెడతారు. ఆ తర్వాత రాదు. పరిష్కారం సులువు: వేళ్లు కాస్త వదులయ్యే సాయంత్రం పూట, వారానికి సరిపడా మాత్రలు తీసి డబ్బా గదుల్లో పెట్టుకోండి. ఫార్మసీలో మామూలు మూత అడగండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఎత్తులో తాళం వేసిన చోట పెట్టండి. స్ట్రిప్పును ఒక్కో మాత్ర చొప్పున ముక్కలుగా కత్తిరించకండి. గడువు తేదీ, మందు పేరు తెగిపోతాయి.

4. మెథోట్రెక్సేట్ వాడుతున్నారా? ఈ మెట్టు రెండుసార్లు చదవండి

ఇది వారానికి ఒక్క రోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ప్రపంచమంతటా నమోదయ్యాయి. అందుకని:

(అ) ఒక వారం రోజును ఎంచుకుని, ఆ రోజు పేరు మందు పెట్టె మీద లావు అక్షరాలతో రాయండి. చీటీలో "వారానికి ఒకసారి" అని మాత్రమే ఉంటే, రోజు పేరు కూడా రాయమని డాక్టర్‌ను అడగండి.

(ఆ) మాత్రల సంఖ్యతో కాకుండా మిల్లీగ్రాములతో గుర్తుపెట్టుకోండి. వారానికి 15 మి.గ్రా. అనుకుందాం. 2.5 మి.గ్రా. మాత్రలైతే ఆరు. "నా డోసు ఆరు మాత్రలు" అని అలవాటైపోయాక, ఒక నెల ఫార్మసీలో 10 మి.గ్రా. మాత్రలు ఇచ్చారనుకోండి. అవే ఆరు వేసుకుంటే 60 మి.గ్రా. అవుతుంది. స్ట్రిప్పు మారినా, మాత్ర రంగు, సైజు మారినా, వేసుకునే ముందు మి.గ్రా. చూడండి.

(ఇ) మెథోట్రెక్సేట్‌తో పాటు రాసే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్రను దీనితో కలిపేయకండి. చాలా బ్రాండ్లలో రెండూ చిన్న పసుపు మాత్రలే. చేతిలో పోసుకుంటే తేడా తెలియదు. వేర్వేరు పెట్టెల్లో, వీలైతే వేర్వేరు అరల్లో పెట్టండి. ఫోలిక్ యాసిడ్ వల్ల నోటిపూత, వికారం, లివర్ ఇబ్బంది తగ్గుతాయి. దాన్ని కొందరు డాక్టర్లు వారానికోసారి రాస్తారు, కొందరు మెథోట్రెక్సేట్ రోజు తప్ప మిగతా రోజుల్లో రాస్తారు. మీ చీటీలో ఎలా ఉంటే అలా. "ఇది విటమినే కదా" అని మానేసినవాళ్లే తర్వాత వికారం భరించలేక అసలు మందు మానేస్తారు.

(ఈ) వికారం ఉంటే అనుకూలమైన వారం రోజుకు మార్చుకోవడం, రాత్రి భోజనం తర్వాత వేసుకుని పడుకోవడం మొదటి ప్రయత్నాలు. రోజు మార్చేటప్పుడు రెండు డోసుల మధ్య వ్యవధి తగ్గకుండా ఎలా మార్చాలో ఫార్మసిస్టును అడగండి. తగ్గకపోతే డాక్టర్‌ను అడగాల్సినవి మూడు: ఫోలిక్ యాసిడ్ పెంచడం, అదే రోజు డోసును రెండు భాగాలుగా వేసుకోవడం, మాత్ర బదులు చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. మాత్రతో ఇబ్బందిపడ్డవాళ్లు ఇంజెక్షన్‌తో కుదుటపడటం తరచూ చూసేదే.

(ఉ) మర్చిపోతే? రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోండి, వచ్చే వారం మళ్లీ మామూలు రోజునే. రెండు రోజులు దాటితే ఆ వారం వదిలేయండి. రెండు వారాల డోసు కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు. వేసుకున్నారో లేదో గుర్తులేకపోతే, వేసుకోలేదని ఊహించి మళ్లీ వేసుకోవద్దు. ఒక డోసు తప్పితే పూడ్చుకోవచ్చు, రెండు పడితే కష్టం.

(ఊ) వేరే జబ్బుకు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మొదట "నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను" అని చెప్పండి. యూరిన్ ఇన్ఫెక్షన్లకు రాసే ట్రైమెథోప్రిమ్, కో-ట్రైమోక్సజోల్ దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

(ఋ) నోట్లో పుళ్లు, జ్వరం, గొంతు నొప్పి, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, కొత్తగా పొడిదగ్గు, ఆయాసం: వీటిలో ఏది వచ్చినా తర్వాతి డోసు వేసుకోకుండా అదే రోజు డాక్టర్‌ను కలవండి. ఎక్కువ డోసు పడిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురు చూడొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి. విరుగుడు మందు ఉంది, అది త్వరగా ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

గర్భం దాల్చాలనుకుంటే మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ ముందే ఆపాలి. లెఫ్లునమైడ్ ఆపాక కూడా చాలాకాలం ఒంట్లో ఉంటుంది, దాన్ని బయటకు పంపడానికి వేరే మందు వాడతారు. ఆలోచన వచ్చిన రోజే డాక్టర్‌తో మాట్లాడండి. మద్యం అలవాటుంటే అదీ దాచకుండా చెప్పండి.

5. మర్చిపోయేవాళ్లకు: రోజూ ఎలాగూ చేసే పనికి మాత్రను ముడిపెట్టండి

ఉదయం పళ్లు తోముకోవడం, రాత్రి ఫోన్ చార్జింగ్ పెట్టడం, ఇలా ఎప్పుడూ తప్పని పని ఏదైనా. మందుల డబ్బా ఆ పని జరిగే చోటే కనబడాలి. బాత్రూంలో మాత్రం వద్దు, తేమకు మాత్రలు పాడవుతాయి.

డబ్బా వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే మనిషి నింపాలి. ఇద్దరు నింపితే రెండేసి పడతాయి. మెథోట్రెక్సేట్‌ను రోజువారీ డబ్బాలో పెట్టకపోవడమే మేలు. దాన్ని విడిగా ఉంచి, వేసుకోగానే క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. మందు మీకు వేరొకరు ఇస్తుంటే, వాళ్లు గర్భవతి అయితే ఆ మాత్రలను ముట్టుకోకూడదు. విరగ్గొట్టడం, పొడి చేయడం ఎవరూ చేయకూడదు.

అలారం పెడితే దానికి పేరు పెట్టండి. "అలారం 3" అని మోగితే ఆపేస్తాం. "మెథోట్రెక్సేట్ 15" అని మోగితే ఆపే ముందు ఒక క్షణం ఆగుతాం.

6. మిగతా మందులు, క్లుప్తంగా

హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. ఒక రోజు తప్పితే కంగారు పడక్కర్లేదు, మర్నాడు మామూలుగా వేసుకోండి. అదే కారణంతో, వారాల తరబడి మానేసినా వెంటనే తెలియదు, జాగ్రత్త. మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటేటా కంటి పరీక్ష చేయించాలి. కిడ్నీ సమస్య ఉంటే ఇంకా ముందే.

సల్ఫాసలజీన్‌తో మూత్రం నారింజ రంగులో రావచ్చు. భయపడి మానేయకండి. దీని డోసు కొద్దికొద్దిగా పెంచుతారు, తొందరపడి ఒక్కసారిగా పూర్తి డోసు వేసుకుంటే కడుపు తిప్పుతుంది.

ప్రెడ్నిసొలోన్‌ను మూడు వారాలు దాటి వాడి ఉంటే ఉన్నట్టుండి ఆపకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆ సమయంలో తగ్గిపోయి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే తీవ్రమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరగొచ్చు. స్ట్రిప్పు అయిపోయే వారం ముందే కొత్తది తెచ్చిపెట్టుకోండి.

బయోలాజిక్ ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. ఫ్రీజర్ పక్కన పెడితే గడ్డకడతాయి. ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. వేసుకునే ముందు 15 నుంచి 30 నిమిషాలు బయట పెడితే మంట తక్కువ. వేడి నీళ్లలో ముంచకండి. ప్రతిసారీ చోటు మార్చండి. అడాలిముమాబ్ మామూలుగా రెండు వారాలకోసారి, ఎటనెర్సెప్ట్ వారానికోసారి. రెండు వారాల వ్యవధి గుర్తుంచుకోవడం వారం కన్నా కష్టం. ఆరు నెలల తేదీలన్నీ ఒకేసారి క్యాలెండర్‌లో గుర్తు పెట్టేయండి.

మందు ఆపాల్సిన సందర్భాలు నిజంగానే ఉంటాయి. గట్టి ఇన్ఫెక్షన్, ఆపరేషన్, కొన్ని టీకాలు. ఏ మందు ఆపాలి, ఏది కొనసాగించాలి అన్నది మందును బట్టి మారుతుంది, కాబట్టి అవసరం రాకముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి. అసలు చిక్కు ఆపడంలో లేదు, మళ్లీ మొదలుపెట్టడంలో ఉంది. జ్వరం వచ్చింది, ఆపమన్నారు, జ్వరం తగ్గింది, మందు మాత్రం రెండు నెలలుగా అరలోనే ఉంది. ఆపమన్న రోజే "మళ్లీ ఎప్పుడు, ఎవరు చెబితే మొదలుపెట్టాలి?" అని అడిగి, ఆ తేదీ క్యాలెండర్‌లో రాయండి.

7. లెక్కను డాక్టర్ చేతిలో పెట్టండి

డాక్టర్ వాపు చూస్తారు, కీళ్లు నొక్కి చూస్తారు, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రక్త పరీక్షలు చూస్తారు. జబ్బు అదుపులో లేదు. మీరేమో "అన్నీ వేసుకుంటున్నాను" అన్నారు. ఇక ఆయన ముందున్న అర్థం ఒక్కటే: మందు పనిచేయడం లేదు. డోసు పెంచుతారు, లేదా ఇంకో మందు కలుపుతారు, లేదా బయోలాజిక్‌కు మారుస్తారు. సగమే వాడిన మందు "ఫెయిలైంది" అని మీ ఫైల్లో నమోదవుతుంది. నిజానికి దాన్ని ఎవరూ పరీక్షించనే లేదు. పెంచిన డోసును మీరు ఈసారి భయపడి పూర్తిగా వేసుకుంటే, అది మీకు అవసరమైన దానికన్నా ఎక్కువ కావచ్చు.

అందుకని గదిలోకి వెళ్లగానే, ఆయన అడగకముందే, ఇలా చెప్పండి:

"గత 12 వారాల్లో మెథోట్రెక్సేట్ 12 డోసులకు 8 వేసుకున్నాను. మూడు వికారం వల్ల మానేశాను, ఒకటి మర్చిపోయాను. ఇంజెక్షన్‌కు మారితే బాగుంటుందా?"

అంకె, కారణం, ప్రశ్న. ముప్పై సెకన్లు కూడా పట్టదు. కోప్పడతారేమో అని జంకుతుంటే కాగితం చేతికిచ్చి ఊరుకోండి. కొందరు కోప్పడతారు కూడా. అయినా తప్పుడు లెక్కతో మందు మార్చడం కన్నా అది నయం.

"అప్పుడప్పుడూ మిస్ అవుతుంటాను" అనకండి. ఆ మాటకు నెలకు ఒకటనీ అర్థం చేసుకోవచ్చు, వారానికి మూడనీ చేసుకోవచ్చు.

ఫలితం ఎలా చూసుకోవాలి

రోజూ కాదు, వారానికి ఒకసారి, ఒకే రోజు పొద్దున మూడు సంగతులు రాయండి. లేచాక కీళ్లు వదులవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. పిడికిలి పూర్తిగా మూసుకుంటోందా. ఆ వారం నొప్పి మాత్రలు ఎన్ని వాడారు. మూడోది జనం వదిలేస్తారు గానీ చాలా చెబుతుంది. నొప్పి తగ్గినట్టు అనిపించి, నొప్పి మాత్రలు మాత్రం పెరిగితే జబ్బు తగ్గలేదు.

డాక్టర్ వైపు నుంచి డీఏఎస్28 అనే స్కోరు ఉంటుంది. 28 కీళ్లు చూసి, రక్త పరీక్ష, మీరు చెప్పిన స్థితి కలిపి లెక్కిస్తారు. 2.6 కన్నా తక్కువైతే జబ్బు నిద్రాణంగా ఉన్నట్టు, 5.1 దాటితే తీవ్రంగా ఉన్నట్టు. మీ స్కోరెంతో అడిగి మీ కాగితం మీద తేదీతో రాసుకోండి.

మూడు నెలలకు చెప్పుకోదగ్గ మార్పు, ఆరు నెలలకు అనుకున్న లక్ష్యం. చికిత్సలో సాధారణంగా పెట్టుకునే గడువులివి. మీ కాగితాన్ని ఈ గడువులతో పోల్చి చూడండి.

డోసులు సగం తప్పాయి, జబ్బు అదుపులో లేదు: కొత్త మందు అడిగే ముందు 3వ మెట్టుకు వెళ్లి కారణం సరిచేసుకోండి.

డోసులు సగం తప్పాయి, అయినా బాగున్నారు: ఇది గమ్మత్తైన స్థితి. తక్కువ డోసే సరిపోతోందేమో, లేదా కొద్ది వారాల్లో తిరగబెడుతుందేమో. ఇంట్లో కూర్చుని తేల్చుకోలేరు. లెక్క చూపించి, డోసు తగ్గించే విషయం డాక్టర్‌నే తేల్చమనండి.

దాదాపు అన్నీ వేసుకున్నారు, మూడు నెలలు దాటినా పొద్దున గంటసేపు కీళ్లు బిగుసుకునే ఉంటున్నాయి: తప్పు మీది కాదు, ఆ మందు మీకు చాలడం లేదు. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ముందుకు జరపమని అడగండి. వెళ్లేటప్పుడు మూడు కాగితాలు తీసుకెళ్లండి: డోసుల లెక్క, వారం వారం రాసిన నిమిషాలు, చివరి రెండు రక్త పరీక్షల రిపోర్టులు.